డివిడెండ్ వెనక ఎవరి అప్పు ఉంది?

షేర్లు కొనే మా ఒడిశా రాయగడ తెలుగువాళ్ళలో ఎక్కువమందికి కంపెనీని కొలిచే కొలత ఒకటే: డివిడెండ్, అంటే లాభంలోంచి షేరుదారుకి పంచే వాటా, ఎంతిచ్చింది? దాన్ని బ్యాంకులో వేసిన డిపాజిట్ వడ్డీతో పోల్చుకుంటారు. ఎక్కువిస్తే కంపెనీ బాగున్నట్టు, తక్కువిస్తే యాజమాన్యం పిసినారిదైనట్టు. ఈ ఊళ్ళో కొట్ల లెక్కలు, మిల్లుల లెక్కలు రాసుకుంటూ బతికే నాకు ఈ కొలత ఎప్పుడూ నచ్చలేదు. కామర్స్ క్లాసులో చెప్పే పాఠం కొంత మెరుగు: లాభం పెరిగితే డివిడెండ్ పెరుగుతుంది, అప్పు పెరిగితే తగ్గుతుంది. కానీ అదీ సగమే. అప్పు అంటే అందరూ కంపెనీ బ్యాలెన్స్ షీట్‌లో కనిపించే అప్పునే చూస్తారు. కంపెనీ ఎవరి చేతిలో ఉందో వాళ్ళ అప్పు సంగతి అడగరు. డివిడెండ్ ఎంతో తేల్చేది చాలాసార్లు ఆ రెండోదే అని నా వాదన.

దీనికి రుజువు కోసం బొంబాయి దాకా పోనక్కర్లేదు. కోరాపుట్ జిల్లా దామన్‌జోడిలో ప్రభుత్వ కంపెనీ నాల్కో రిఫైనరీ ఉంది. మా జిల్లాలోనే కాశీపూర్ బ్లాకులో, టికిరి దగ్గర, హిందాల్కో వాళ్ళ ఉత్కల్ అల్యూమినా ఉంది. నియమగిరి కొండలకి అవతల, కలహండి జిల్లా లంజిగఢ్‌లో వేదాంత ఉంది. మూడూ బాక్సైట్ ఖనిజం నుంచి అల్యూమినా, అంటే అల్యూమినియానికి ముడిసరుకైన పొడి, తీసేవే. నాల్కోకి పంచపట్‌మాలి గని పక్కనే ఉంది, ఉత్కల్‌కీ దగ్గర్లోనే గని ఉంది. వేదాంతకు మాత్రం పక్కనున్న నియమగిరి దక్కలేదు. 2013లో గ్రామసభలు పెడితే పన్నెండుకి పన్నెండూ నియమగిరిని తవ్వనివ్వం అన్నాయి. ఆ పన్నెండులో ఏడు మా జిల్లావే. ఎవరి గని ఎక్కడున్నా అల్యూమినియం ధర మాత్రం ముగ్గురికీ లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లోనే తేలుతుంది. అంటే ఒకే సరుకు, ఒకే ధర, ఒకే వరసలో కొండలు. డివిడెండ్లు చూస్తే మూడూ మూడు వేరే లోకాల కంపెనీల్లా ఉంటాయి.

2021-22 తీసుకోండి. అల్యూమినియానికి మహర్దశ పట్టిన ఏడాది అది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక, 2022 మార్చిలో టన్ను ధర 4,000 డాలర్లు దాటి రికార్డు కొట్టింది. ఆ ఏడాది హిందాల్కో కన్సాలిడేటెడ్ లాభం, అంటే కింది కంపెనీలతో కలిపి లాభం, 13,730 కోట్లు. షేరుకు ఇచ్చింది 4 రూపాయలు. అన్ని షేర్లకూ కలిపితే 900 కోట్లు కూడా కాదు, లాభంలో నూటికి ఆరున్నర. నాల్కో లాభం 2,950 కోట్ల చుట్టూ ఉంటే షేరుకు 6.50 ఇచ్చింది, నూటికి నలభై. వేదాంతలో వాటాదారుల వంతుకు వచ్చిన లాభం 18,800 కోట్లు, షేరుకు ఇచ్చింది 45 రూపాయలు. నూటికి తొంభైకి కాస్త తక్కువ.

పాఠం ప్రకారమైతే దీర్ఘకాలిక అప్పు దాదాపు లేని నాల్కో అందరికంటే ధారాళంగా ఇవ్వాలి. నెత్తిమీద అప్పులున్న హిందాల్కో, వేదాంత చెయ్యి బిగపట్టాలి. హిందాల్కో పాఠం విన్నట్టే నడుచుకుంది. నాల్కో మధ్యలో ఆగింది. వేదాంత పాఠాన్ని తలకిందులు చేసింది.

పాఠం రాసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు. 1961లో మెర్టన్ మిల్లర్, ఫ్రాంకో మోడిగ్లియాని అనే ఆర్థికవేత్తలు అసలు డివిడెండ్ ఎంతిచ్చినా కంపెనీ విలువ మారదని లెక్క కట్టి చూపించారు. ఈ జేబులోంచి ఆ జేబులోకి, అంతే. అయితే పన్నులు లేవని, లావాదేవీకి ఖర్చు లేదని, పెట్టుబడి ఎక్కడ పెట్టాలో ముందే నిర్ణయమైపోయిందని అనుకుంటేనే ఆ లెక్క నిలుస్తుంది. 1986లో మైకేల్ జెన్సెన్ ఇంకో వైపు నుంచి వచ్చాడు. మేనేజర్ల చేతిలో అవసరానికి మించిన నగదుంటే దుబారా చేస్తారు. దాన్ని బయటికి లాగడానికి డివిడెండ్ ఒక దారి, అప్పు ఇంకో దారి. అప్పే గట్టిది, ఎందుకంటే వడ్డీ కట్టకపోతే బ్యాంకు ఊరుకోదు, డివిడెండ్ ఎగ్గొడితే వాటాదారు గొణుక్కోవడం తప్ప చేసేదేమీ లేదు. అందుకే అప్పు ఎక్కువున్న కంపెనీ డివిడెండ్ తక్కువివ్వడం సహజం అంటారు. పైగా అప్పిచ్చినవాళ్ళు ఒప్పందంలోనే రాయించుకుంటారు: ఫలానా నిష్పత్తి దాటితే మా అనుమతి లేకుండా డివిడెండ్ ప్రకటించకూడదు అని.

వీళ్ళందరికంటే నాకు నచ్చినవాడు జాన్ లింట్నర్. 1956 నాటి మాట. సిద్ధాంతం తర్వాత, ముందు మనుషుల్ని అడుగుదాం అనుకుని 28 కంపెనీల పెద్దల దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళు చెప్పింది వింటే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ మాటలాగే ఉంటుంది. లాభం ఎగిసిందని వెంటనే డివిడెండ్ అంత పెంచరు, వచ్చే ఏడాది దించాల్సి వస్తే పరువు పోతుందని. ఒక లక్ష్యం పెట్టుకుని దాని వైపు మెల్లగా జరుగుతారు. నాల్కో లెక్కలు ఈ మాటకి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. 2021-22లో 6.50 ఇచ్చిందా, మరుసటి ఏడాది లాభం దాదాపు సగానికి పడితే 4.50 ఇచ్చింది. 2023-24లో 5 రూపాయలు. 2024-25లో అల్యూమినా ధర పొంగి లాభం రెండున్నర రెట్లయి 5,000 కోట్లు దాటితే 10.50. లాభం పడిపోయిన ఏడాది పంచిన వాటా నూటికి యాభై దాటింది, లాభం పొంగిన ఏడాది ముప్పై ఆరు చుట్టూ ఆగింది. దామన్‌జోడిలో రిటైరై వచ్చిన మా బావ, "లాభం అంత పెరిగితే మాకిచ్చింది ఇంతేనా?" అని 2025లో ఒక నెలంతా సణిగాడు. లింట్నర్ పేరు చెప్పి ఆయన్ని ఓదార్చడం నా వల్ల కాలేదు.

హిందాల్కో సంగతి ఇంకా తేలిక. 2007లో అల్యూమినియం రేకులు చేసే విదేశీ కంపెనీ నోవెలిస్‌ని దాని అప్పుతో కలిపి దాదాపు 600 కోట్ల డాలర్లకు కొన్నారు. తర్వాత ఉత్కల్, మహాన్, ఆదిత్య ప్రాజెక్టులు కట్టారు, అవీ అప్పుతోనే. 2020 ఏప్రిల్‌లో అలాంటిదే ఇంకో కంపెనీ అలెరిస్‌ని 280 కోట్ల డాలర్లకు కొన్నారు. ఈ కాలమంతా డివిడెండ్ చాలా ఏళ్ళు రూపాయికి అటూ ఇటూగానే ఉంది. మా ఊళ్ళో ఈ షేరున్నవాళ్ళు తిట్టని తిట్టు లేదు. కానీ 2020 మధ్యలో సంస్థ నికర అప్పు (చేతిలో ఉన్న నగదు పోను మిగిలే అప్పు) ఏడాది నిర్వహణ లాభానికి దాదాపు నాలుగు రెట్లుంటే, 2022 మార్చికి ఒకటిన్నర రెట్ల లోపుకి దిగింది. 13,730 కోట్ల లాభంలో పంచకుండా అట్టే పెట్టింది ఎటు పోయిందో దాంట్లోనే తెలుస్తుంది. 2024-25కి డివిడెండ్ 5 రూపాయలకు వచ్చింది. అమెరికాలో అలబామాలో కడుతున్న కొత్త ప్లాంట్ ఖర్చు మొదట అనుకున్న 250 కోట్ల డాలర్ల నుంచి 2024 నాటికే 410 కోట్లకు ఎక్కింది కాబట్టి ఇంతకుమించి ఆశ పెట్టుకోవద్దనే నేనంటాను. ఇక్కడ లాభం, అప్పు, డివిడెండ్ మూడూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. చదివితే అర్థమవుతాయి.

అసలు పేచీ వేదాంతతో. దాని దగ్గరికి వెళ్ళేముందు ఒక మిల్లు సంగతి చెప్పాలి.

గుణుపురం వైపు ఒక రైస్ మిల్లు. నలుగురు భాగస్తులు, అందరూ మనవాళ్ళే. ధాన్యం మీద బ్యాంకు సీసీ లిమిట్, అంటే సరుకు చూపించి అవసరమైనప్పుడు తీసుకునే అప్పు పరిమితి, ఉండేది. ఒక ఏడాది మంచి లాభం వచ్చింది. పెద్ద భాగస్తుడు లాభం మొత్తం పంచేయమని పట్టుపట్టాడు. ఆయనకి మిల్లులో సగం పైన వాటా. మిగతా ముగ్గురికీ లోపల సంతోషమే, ఎవరికి చేదు? ఆయనకెందుకంత తొందరో తర్వాత తెలిసింది. పార్వతీపురంలో స్థలం కొనడానికి బయట నూటికి రెండు వడ్డీకి తెచ్చాడు, గడువు దగ్గరపడింది. లాభం పుస్తకంలో ఉంది గానీ నగదు ధాన్యం రూపంలో గోదాములో ఉంది. అందుకని పంచడానికి సీసీ అకౌంట్లోంచి తీశారు. బ్యాంకు మేనేజరు ఆ నెల స్టాక్ స్టేట్‌మెంట్ చూసి భాగస్తుల పెట్టుబడి తగ్గించకూడదని మంజూరు పత్రంలో ఉన్న షరతు గుర్తుచేశాడు. అప్పటికే పంపకం అయిపోయింది. ఖరీఫ్ ధాన్యం కొనే వేళకి లిమిట్ నిండిపోయి ఉంది, రైతులకు డబ్బు వారం పది రోజులు ఆలస్యమైంది. మిల్లు మునగలేదు, మరుసటి ఏడాది కూడా నడిచింది. కానీ ఆ ఏడాది పంపకం ఎంతో తేల్చింది మిల్లు లాభమూ కాదు, మిల్లు అప్పూ కాదు. పార్వతీపురం స్థలం.

ఇప్పుడు 2022-23లో వేదాంత. ఏడాది ముగియకముందే ప్రకటించే మధ్యంతర డివిడెండ్లు అయిదు: 31.50, 19.50, 17.50, 12.50, 20.50. కలిపితే షేరుకు 101.50. మొత్తం 37,700 కోట్ల పైచిలుకు. ఆ ఏడాది వాటాదారుల వంతుకు వచ్చిన లాభం పదిన్నర వేల కోట్లు. లోహాల ధరలు దిగి లాభం తగ్గిన ఏడాదిలో, అంతకు మూడున్నర రెట్లు పంచారు. పాఠం ఏ కొసనుంచి చదివినా దీనికి సమాధానం దొరకదు. బ్యాలెన్స్ షీట్ మూసి, యజమాని ఎవరో చూస్తే దొరుకుతుంది. కంపెనీలో అప్పట్లో దాదాపు 70 శాతం వాటా లండన్‌లోని వేదాంత రిసోర్సెస్ చేతిలో ఉండేది. ఆ మాతృసంస్థ సొంత అప్పు 2022 మార్చి నాటికి 900 కోట్ల డాలర్ల పైన. దానికి సొంతంగా గని లేదు, ఫ్యాక్టరీ లేదు. బాండ్ల గడువు వచ్చినప్పుడు కట్టడానికి కింది కంపెనీల నుంచి పైకి వచ్చే సొమ్ము తప్ప గతి లేదు. డివిడెండ్ అలా పైకెక్కింది. రెండేళ్ళలో ఆ అప్పు 600 కోట్ల డాలర్ల దగ్గరికి దిగింది. అప్పటికీ సరిపోక, 2024 జనవరిలో 320 కోట్ల డాలర్ల బాండ్ల గడువు పొడిగించుకోవడానికి బాండుదారుల్ని ఒప్పించాల్సి వచ్చింది.

వేదాంతకు ఆ సొమ్ము ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే ఇంకో మెట్టు కిందికి దిగాలి. హిందుస్థాన్ జింక్. విశాఖలో మిందివైపు తిరిగినవాళ్ళకి 2012లో మూసేసిన వాళ్ళ స్మెల్టర్ గుర్తుండే ఉంటుంది. అందులో వేదాంతకు 64.92 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 29.54 శాతం వాటా ఉన్న రోజులవి. అదే 2022-23లో ఈ కంపెనీ షేరుకు 75.50 ఇచ్చింది. లాభం 10,511 కోట్లు, పంచింది దాదాపు 31,900 కోట్లు. చేతినిండా నగదుతో ఉండే కంపెనీ ఏడాది తిరిగేసరికి పన్నెండు వేల కోట్ల దాకా అప్పు మీద నిలబడింది. అది చాలదన్నట్టు వేదాంత తన విదేశీ జింక్ గనుల్ని దాదాపు 300 కోట్ల డాలర్లకు ఇదే కంపెనీకి అంటగట్టబోతే ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ ప్రతిపాదన మూలపడింది. డివిడెండ్ విషయంలో మాత్రం ప్రభుత్వానికి ఏ అభ్యంతరమూ కనబడలేదు. కనబడదు కూడా. దాని వంతుకి తొమ్మిది వేల కోట్ల పైన వచ్చింది.

చట్టం ఏం చేస్తోంది అంటారా? కంపెనీల చట్టం 123వ సెక్షన్ ఈ ఏడాది లాభం నుంచైనా, వెనకటి ఏళ్ళ నిలవ లాభం నుంచైనా పంచుకోమంటుంది, తరుగు తీసేశాకనే అన్న షరతుతో. చాలినంత లాభం లేక రిజర్వుల్ని తోడితే కొన్ని పరిమితులున్నాయి. అది చూసేది పుస్తకంలో లాభం ఉందా లేదా అనే. చేతిలో నగదు ఉందా, అప్పు తెచ్చి పంచుతున్నారా అన్నది దాని దృష్టిలో లేదు. ఇదంతా పూర్తిగా చట్టబద్ధమే. నేనంటున్నది నేరం అని కాదు, డివిడెండ్‌ని కంపెనీ ఆరోగ్యానికి గుర్తుగా చదవకండి అని మాత్రమే.

నాల్కో దగ్గర మన మనసు మెత్తబడుతుంది కదా, ప్రభుత్వ కంపెనీ అని. నాకు అక్కడా ఇదే లెక్క కనిపిస్తుంది. నాల్కోలో 51.28 శాతం కేంద్రానిది. ఆ యజమాని కూడా ఏటా అప్పు చేసి బడ్జెట్ నడిపేవాడే. అందుకే 2016లో ప్రభుత్వ సంస్థలన్నిటికీ ఒక ఆదేశం వచ్చింది: లాభంలో 30 శాతం, లేదా నికర విలువలో (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేదాంట్లో) 5 శాతం, రెండిట్లో ఏది ఎక్కువైతే అది కనీస డివిడెండ్‌గా ఇవ్వాలి. 2024 నవంబరులో ఆ 5ని 4 చేశారు. ఈ రెండో కొలతలో ఉంది కిటుకు. లాభం పడిపోయిన ఏడాది నికర విలువ పడిపోదు. అంటే లాభం ఎంత తగ్గినా యజమానికి వెళ్ళాల్సింది ఒక మట్టం కిందికి దిగదు. లింట్నర్ చెప్పిన పరువు సంగతి కొంత, ఢిల్లీ అవసరం కొంత. అయినా వేదాంతకీ దీనికీ ఒక తేడా ఉంది, అది చిన్నదేం కాదు. ఇక్కడ ఎంత తీసుకుంటారో నియమం ముందే రాసి పెట్టారు. ఎవరైనా చదువుకోవచ్చు, లెక్క కట్టుకోవచ్చు. పైగా ఇప్పటిదాకా నాల్కో అప్పు తెచ్చి పంచలేదు.

వేదాంత గురించి నేనన్నదానికి మా బావ ఒక జవాబు చెబుతాడు, అది తీసిపారేసేది కాదు. "నువ్వెన్ని చెప్పు బావా, ఆ ఏడాది నా చేతికి 101 రూపాయలు వచ్చాయి. షేరు కొన్నది రెండొందల చిల్లరకి. పైవాడు ఎందుకు పంచాడో నాకేటి? పంచాడు, తీసుకున్నాను." నిజమే. చేతికొచ్చిన డబ్బు ఉత్తుత్తి డబ్బు కాదు. పెద్ద వాటాదారుకి అవసరం పడినప్పుడు చిన్నవాడికీ అంతే నిష్పత్తిలో వస్తుంది. ఇదే సొమ్మును మాతృసంస్థకి అప్పుగానో, బ్రాండు వాడుకున్నందుకు ఫీజుగానో పంపితే మనకి పైసా రాదు. ఆ దారులతో పోలిస్తే డివిడెండే నిజాయితీగా ఉంది. ఇంతవరకు బావతో నాకు గొడవ లేదు. ఆయన మరుసటి ఏడాది కూడా వంద రూపాయలు వస్తాయని లెక్కేసుకుని, ఉన్న డిపాజిట్లు తీసి ఇంకొన్ని షేర్లు కొన్నాడే, గొడవ అక్కడ. 2023-24లో వచ్చింది 29.50.

పన్ను సంగతీ ఉంది. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ మీద పన్ను కంపెనీ కట్టదు, మన ఆదాయంలో కలిపి మనమే కట్టాలి. పింఛను మీద బతికే పెద్దవాళ్ళు, పన్ను కట్టేంత ఆదాయం లేకపోతే, ఆ మాట రాసిచ్చి టీడీఎస్ (కంపెనీ ముందే కోసుకునే పన్ను) తప్పించుకోవచ్చు. ముప్పై శాతం స్లాబులో ఉన్న వ్యాపారికి మాత్రం ఇలా పోటెత్తినట్టు వచ్చే డివిడెండ్‌లో మూడో వంతు దాకా పోతుంది, షేరు ధర మాత్రం దాదాపు డివిడెండ్ మొత్తం మేర దిగుతుంది. మా దగ్గర ఇంకో తంటా ఏమిటంటే, పాత కాగితాల్లో పేర్లు. ఒడియా ఉచ్చారణలో ఇంగ్లీషులోకి దిగిన ఇంటిపేరు ఒకలా ఉంటుంది, ఆంధ్రాలో తీసుకున్న సర్టిఫికెట్‌లో ఇంకోలా. బ్యాంకు ఖాతా కలవక డివిడెండ్ వెనక్కి పోతుంది. ఏడేళ్ళు ఎవరూ అడక్కపోతే అది కేంద్రం నిధిలోకి పోతుంది, వరసగా ఏడేళ్ళు అలాగే ఉంటే షేర్లు కూడా దాని వెంటే. తిరిగి తెచ్చుకోవచ్చు గానీ ఆ తిరుగుడు పగవాడికి కూడా వద్దు.

మరి చూడాల్సింది ఏమిటి? నేనైతే వార్షిక నివేదికలో మొదట లాభనష్టాల పట్టీకి పోను, నగదు ప్రవాహాల పట్టీ తెరుస్తాను. వ్యాపారం నుంచి వచ్చిన నగదులోంచి కొత్త యంత్రాలకు, కట్టడాలకు పెట్టింది తీసేస్తాను, వడ్డీ తీసేస్తాను. మిగిలినదానికంటే డివిడెండ్ ఎక్కువుంటే, ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందని అదే పేజీలో కింద వెతుకుతాను. పాత నిలవ నుంచా, కొత్త అప్పు నుంచా? ఒక ఏడాది అలా జరిగితే పట్టించుకోను, వరసగా జరిగితే వదిలిపెట్టను. ఆ తర్వాత ప్రమోటర్, అంటే కంపెనీని చేతిలో పెట్టుకున్న పెద్ద వాటాదారు, ఎవరో చూస్తాను. మనిషా, కుటుంబమా, పైన ఇంకో కంపెనీయా? పైన కంపెనీ ఉంటే దానికి వేరే ఆదాయం ఉందా? ప్రమోటర్ షేర్లు తాకట్టులో ఉన్నాయా? ఏడాదిలో మధ్యంతర డివిడెండ్లు ఎన్ని, ఏ నెలల్లో? వ్యాపారం ఆడిన తీరుతో కాకుండా ఎవరిదో బాకీ గడువుతో ఆ నెలలు కలుస్తున్నాయంటే ఆ షేరును డిపాజిట్‌తో పోల్చడం ఆపేస్తాను. అమ్మేస్తానని కాదు. లోహం ధర మీద పందెంగా ఉంచుకుంటాను, నెల ఖర్చుకి దాన్ని నమ్ముకోను.

షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ 2016లో విలువలో మొదటి 500 లిస్టెడ్ కంపెనీలు డివిడెండ్ విధానం రాసి ప్రకటించాలంది, 2021లో దాన్ని మొదటి వెయ్యికి పెంచింది. ఆ పత్రాలు తెరిచి చూస్తే చాలావరకు ఒకరిది చూసి ఒకరు రాసినట్టుంటాయి. లాభదాయకత, అప్పు, భవిష్యత్ పెట్టుబడులు, ఆర్థిక వాతావరణం పరిగణనలోకి తీసుకుంటాం అంటారు. తీసుకోరని ఎవరన్నారు? నేను అడిగేది మూడు అంకెలు. డివిడెండ్ ప్రకటించిన రోజే, అది చెల్లించకముందు కంపెనీ నికర అప్పు ఎంత, చెల్లించాక ఎంత అవుతుంది, పైన మాతృసంస్థ ఉంటే అది వచ్చే పన్నెండు నెలల్లో కట్టాల్సిన బాకీ ఎంత. మొదటి రెండూ బోర్డు మీటింగుకి ఫైనాన్స్ వాళ్ళు ఎలాగూ తయారు చేసుకునేవే, మూడోది బాండుదారులకి ఎలాగూ చెప్పేదే. స్టాక్ ఎక్స్ఛేంజ్‌కి పంపే ఒక పేజీ లేఖలో రికార్డ్ డేట్ (ఆ రోజుకి షేరున్నవాళ్ళకే డివిడెండ్) కింద ఇంకో మూడు వరుసలకు చోటు ఉంటుంది.